మాయమైన మంజూరు లింకు

ఆ ఉదయం ప్రోగ్రామరుకు ఉన్నవి రెండే పనులు. పది గంటలకల్లా ఆఫీసు వెబ్‌సైటులో కొత్త మెనూ పెట్టాలి. పదకొండుకల్లా మర్నాటికి సెలవు అడగాలి. మర్నాడు కూతురి పరుగు పందెం. పోయిన రెండు పందేలకూ వస్తానని చెప్పి ఎగ్గొట్టాడు. ఈసారి పిల్ల అలగనైనా అలగలేదు. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "నువ్వు రావులే నాన్నా, ఫర్వాలేదు" అంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

"సెలవు దొరికాకే ఇంట్లో అడుగుపెట్టండి" అంది భార్య.

ఆఫీసంటే తాళాల కంపెనీ. ఉద్యోగులు ముప్పై ఒక్కరు. సెలవులతో సహా ఆఫీసు పనులన్నీ నడిచే వెబ్‌సైటు మెనూ చాంతాడంత ఉండేది. దాన్ని పీకేసి, మనిషిని బట్టి మారే మెనూ రాశాడు మనవాడు. ఎవరి హోదాకు తగిన లింకులు వారికే కనిపిస్తాయి. ఏడాదిగా ఎవరూ నొక్కని లింకు దానంతటదే దాక్కుంటుంది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాడు.

అనుకున్నట్టే పదింటికి మెనూ పెట్టాడు. పదకొండింటికి దరఖాస్తు పంపి మేనేజరు ముందు నిలబడ్డాడు. ఆయన్ని వెనకాల అందరూ ‘కాదుగారు’ అంటారు. ఎవరు సెలవు అడిగినా తలెత్తకుండానే ‘కాదు’ అనేస్తాడు.

"ఎందుకయ్యా సెలవు?"

"మా అమ్మాయి పరుగు పందెం సార్. రెండుసార్లు మాట తప్పాను. ఈసారి నన్ను రమ్మని కూడా అడగలేదు."

మేనేజరు తలెత్తాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. "సరే, వెళ్ళు" అన్నాడు. ప్రోగ్రామరు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. ఈలోగా ఆయన మౌసు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏదయ్యా మంజూరు లింకు? ఇక్కడ తిరస్కరణ ఒక్కటే ఉంది!"

ప్రోగ్రామరుకు అప్పుడు వెలిగింది. ఏడాదిగా ఈయన ఒక్క సెలవూ మంజూరు చేయలేదు. మెనూ తన పని తాను చేసింది.

"నాతో పరాచికాలా?"

"అయ్యో, లేదు సార్! రెండే నిమిషాలు!"

ఆయన మనసు మారేలోపు సీటుకు పరుగెత్తి లింకును బయటికి లాగాడు. ఆ కంగారులో ‘ఎవరికి చూపాలి’ అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. ఖాళీగా ఉంటే అందరికీ చూపాలన్న నియమం రాసింది కూడా ఆ మహానుభావుడే.

మేనేజరు అతని సెలవు మంజూరు చేశాడు. అదే సమయానికి తక్కిన వాళ్ళందరి తెరల మీదా ‘సెలవు మంజూరు’ ప్రత్యక్షమైంది. అందరూ గబగబా దరఖాస్తులు పెట్టేశారు. ఎవరిది వారు మంజూరు చేసుకోవడం కుదరదు గనుక, "నాది నువ్వు నొక్కు, నీది నేను నొక్కుతా" అని ఒప్పందాలు మొదలయ్యాయి. రిసెప్షనిస్టుకు అంత ఓపిక లేదు. జాబితాలో ఉన్నవన్నీ కొత్తా పాతా చూడకుండా ఒక్క దెబ్బకు నొక్కేసింది. పావుగంటలో కంపెనీ మొత్తానికి మర్నాడు సెలవు.

"ఏమిటయ్యా ఈ ఘోరం!" మేనేజరు కేక గోడలు దాటింది. "రద్దు లింకేదీ?"

"అదీ దాక్కుంది సార్. ఏడాదిగా ఎవరూ నొక్కలేదు. మంజూరే లేనప్పుడు రద్దు ఎవరు నొక్కుతారు?"

"తీసుకురా. అందరితోపాటు నీదీ పోతుంది. నీదొక్కటే ఉంచితే వాళ్ళు ఊరుకోరు."

వారం పడుతుందన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ముఖం కళ్ళముందు మెదిలింది. తప్పు తనదే, ఏం చేస్తాడు! అబద్ధాన్ని మింగేసి లింకు తెచ్చాడు. ఈసారి గడి ఖాళీగా వదల్లేదు.

మేనేజరు జాబితా తెరిచాడు. అన్నింటికన్నా పైన ఆయన పేరే ఉంది. పదకొండేళ్ళ కిందటి దరఖాస్తు. తనది తాను మంజూరు చేసుకోలేక, పైవాళ్ళను అడగడానికి మొహమాటపడి అప్పట్లో అలాగే వదిలేశాడు. ఇవాళ రిసెప్షనిస్టు ధర్మమా అని మంజూరైంది. కారణం అన్నచోట ‘మా అమ్మాయి బడిలో పాట పాడుతుంది’ అని ఉంది.

"ఏం పాట పాడిందో ఇప్పటికీ తెలియదయ్యా" అన్నాడు. "అడిగితే గుర్తులేదంటుంది."

ఆయన మౌసు రద్దు లింకు మీదే ఆగింది.

"ఈ రద్దు లింకు ఏడాదిగా ఎవరూ నొక్కలేదన్నావు కదూ?"

"అవును సార్."

"అయితే దాచెయ్. నేనూ రేపు మా అమ్మాయి ఇంటికి వెళ్తాను."

మర్నాడు పందెంలో పిల్ల నాలుగోదిగా వచ్చింది. ఆయాసపడుతూ నేరుగా తండ్రి దగ్గరికే వచ్చి, "అంతలా అరిచావేంటి నాన్నా, పరువు తీశావు" అని అతని చెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్ళేదాకా వదల్లేదు.

ఆఫీసుకు వచ్చింది వాచ్‌మన్ ఒక్కడే. వెబ్‌సైటులో అతనికి లాగిన్ ఇవ్వాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.