విచారణ చెయ్యని దెయ్యం

నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వినా చెబుతాను. నేను దాచినా మా ఆవిడ దాచదు.

సినిమాలకు చప్పుళ్లు చెయ్యడం నా ఉద్యోగం. దెయ్యం సినిమాలో ఎవరి పీకైనా పుటుక్కుమంటే, అది నేను స్టూడియోలో విరిచిన కీరదోసకాయ. మా సినిమాల్లో దెయ్యానికి ఎప్పుడూ ఒకటే పని, చెడ్డవాళ్లను వెతికి వెతికి చంపడం. పోలీసుల్లేరు, కోర్టుల్లేవు, వాయిదాల్లేవు. ఆ పద్ధతి నాకు భలే నచ్చేది.

మొన్న మంగళవారం మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడుపు గొంతుతో కేకేసింది.

"ఏమండీ, నా చెప్పులు పోయాయి! మడమ ఊడొస్తోందని, బాగుచేయిద్దామని బయట పెట్టాను."

అవి వాళ్లక్క ముచ్చటపడి కొనిచ్చిన ఎత్తు మడమల చెప్పులు. ఆ అక్క ఆదివారం వస్తోంది. "అక్క మొహం కంటే ముందు నా కాళ్లు చూస్తుందండీ! పారేసుకున్నానంటే ఏడాదిపాటు మాట్లాడదు," అని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అపార్ట్‌మెంటు కాబట్టి, మా చెప్పుల స్టాండు ఎదురింటి వాళ్లకూ మాకూ ఉమ్మడి. ఎదురింట్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒక్కరే ఉంటారు. రోజూ పొద్దున్నే ఆరింటికి నడకకు బయల్దేరుతూ, ఆ స్టాండు దగ్గర ఐదు నిమిషాలు వంగి ఉంటారు. బూటు లేసుకు ఐదు నిమిషాలా? దొరికాడు దొంగ!

"మతి పోయిందా మీకు? మనం ఊరెళ్తే మొక్కలకు నీళ్లు పోసేది ఆయనే!" అంది మా ఆవిడ.

"అసలు విలన్లందరూ మొక్కలకు నీళ్లు పోస్తారు."

"పోనీ, వెళ్లి ఒక్క మాట అడగండి."

"దెయ్యం అడగదు. శిక్షిస్తుంది."

"తప్పు మనిషిని శిక్షిస్తేనో?"

"పదకొండు దెయ్యాలకు చప్పుళ్లు చేశాను. ఒక్కటంటే ఒక్కటి పొరపాటు పడలేదు."

"ఎవరు చేశారో వాటికి కథ రాసినాయన చెబుతాడు. మీకెవరు చెప్పారు?"

మా ఆవిడకు సినిమా భాష తెలియదని సరిపెట్టుకున్నాను.

బుధవారం పొద్దున్న స్టాండు వెనక చిన్న స్పీకరు పెట్టి, ఫోన్‌లో మా కొత్త సినిమా దెయ్యాన్ని సిద్ధం చేసుకుని, తలుపు కన్నానికి కన్ను ఆనించాను. ఆరయింది. మాస్టారు వచ్చారు. వంగారు. నొక్కాను.

ముందు ఈదురుగాలి. తర్వాత అడుగులు. టక్... కిర్ర్... టక్... కిర్ర్... ఆపైన బకెట్లో తల పెట్టి నేను పలికిన మాట, "తీసిందెవరో నాకు తెలుసూ..."

ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లలందరినీ పరుగెత్తించిన మనిషి, ఒక కాలికి బూటుతో తానే పరుగందుకున్నారు. రెండో అడుగుకే తన లేసు తానే తొక్కి, స్టాండు మీద పడ్డారు. స్టాండు ఆయన మీద పడింది.

నేను ఎగిరి గంతేసేలోపే ఆయన చిన్న గొంతుతో "అమ్మా" అన్నారు. మా సినిమాల్లో అయితే అక్కడికి సీను కట్ అయిపోతుంది. ఇక్కడ కాలేదు. ఆయన అక్కడే కూర్చుని చీలమండ పట్టుకుని మూలుగుతున్నారు. నేను తలుపు తీసి మా ఆవిడను కేకేశాను.

మా ఆవిడ పరుగున వచ్చి, ఆయన్ని మా కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డలో ఐస్ చుట్టి కాలికి అద్దుతోంది. నేను ఫోన్ జేబులో పెట్టబోయి, కంగారులో మళ్లీ నొక్కేశాను.

టక్... కిర్ర్...

మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఇంకోసారి పెట్టండి."

"ఇప్పుడెందుకులే..."

"పెట్టండి! ఆ కిర్ర్ నా ఎడమ చెప్పుది!"

అప్పుడు గుర్తొచ్చింది, నిజం కక్కేశాను. సోమవారం స్టాండు పక్కన ఒక పాత సంచి కనపడింది. ఎవరో పాత చెప్పులు పారేశారనుకుని సంబరంగా స్టూడియోకు పట్టుకుపోయాను. మా పనిలో కొత్త చప్పుడు చేసే చెప్పు దొరకడం అదృష్టం. రెండు రోజులుగా వాటిని చేతులకు తొడుక్కుని కంకర మీద దెయ్యాన్ని నడిపిస్తున్నది నేనే. అవి ఎవరివో అని ఒక్కసారైనా పరకాయించి చూస్తే ఒట్టు.

"నా చెప్పులతో ఎంతమందిని చంపారు?" అంది మా ఆవిడ.

"ఏడుగురిని. అందరూ దుర్మార్గులేలే."

"అలాగా? మాస్టారు ఎనిమిదోవారా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సోమవారం బాబు ఆ సంచి పట్టుకెళ్లడం నేను చూశానమ్మా. మీ ఇంటి సంచి, మీ ఇంటి మనిషి, నాకెందుకని ఊరుకున్నాను. అది పోయిందని వెతుక్కుంటున్నారని నాకేం తెలుసు? ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి."

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఐస్ మూట నా చేతిలో పెట్టి, "ఆదివారం అక్కకు మీరే చెప్పుకోండి," అని లోపలికి వెళ్లిపోయింది.

నేను స్టూలు లాక్కుని, మాస్టారి వాచిన కాలు ఒళ్లో పెట్టుకున్నాను.

"బాగా నొప్పిగా ఉందా మాస్టారూ?" అన్నాను.

ఈ గొడవంతటిలో ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.