హెరన్ హిల్‌లో మ్యాథ్స్ వీక్

ఆ శనివారం ఉదయం చక్రపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, భార్య శశికళనూ కూతురు నిధినీ కారెక్కించుకుని, అమెరికాలో తాముండే కమ్మింగ్ నుంచి పక్క ఊరు అల్ఫారెట్టా వెళ్ళి, హెరన్ హిల్ చార్టర్ స్కూల్ చూసి, భోజనం వేళకు ఇంటికి రావాలి. ఎవరికీ చెప్పకూడదు. పని అయ్యేదాకా నోరు విప్పితే దిష్టి తగులుతుందని మనవాళ్ళకు గట్టి నమ్మకం. చక్రపాణికి దిష్టితో పాటు ఇంకో భయం కూడా ఉంది. చార్టర్ స్కూల్ అంటే సర్కారు డబ్బుతో, సొంత పద్ధతిలో నడిచే బడి. ఫీజు ఉండదు, రాష్ట్రంలో ఎవరైనా అప్లై చేయవచ్చు, జనం ఎక్కువైతే లాటరీ తీస్తారు. అంటే తెలిసినవాడల్లా పోటీదారుడే.

జార్జియాలోని చార్టర్ హైస్కూళ్ళన్నిటినీ అతను నెలల తరబడి పోల్చి చూశాడు. పెళ్ళి సంబంధానికి కూడా ఎవరూ అంత ఆరా తీయరు. అది పిచ్చి కాదు, బెంగ. పదిమందిలో నిధికి నోరు పెగలదు. లంచ్ దగ్గర ఆమె పక్కన కూర్చునేది స్నేహితురాలు నైనిక ఒక్కతే. టీచర్ ఏదైనా అడిగితే నిధి నైనిక చెవిలో చెప్పేది, నైనిక పైకి చెప్పేది. వేలమంది చదివే హైస్కూల్లో వేస్తే పిల్ల ఏమైపోతుందోనని తండ్రి దిగులు. హెరన్ హిల్ చిన్న బడి. నిధి చేరాల్సిన తొమ్మిదో తరగతి అక్కడ ఆ ఏడాదే మొదలుపెడుతున్నారు.

కారు తలుపు తీస్తుండగా నైనిక తండ్రి జగదీష్ ఫోన్ చేశాడు. ఇద్దరూ ఎమ్మెస్ నాటి రూమ్మేట్లు.

"చక్రీ, స్కూళ్ళన్నీ కంపేర్ చేసినవంట గదా. హెరన్ హిల్ ఎట్లుంది? మా నైనిక..."

"అబ్బే, అక్కడ మ్యాథ్స్ చాలా వీక్ రా," అన్నాడు చక్రపాణి, మాట పూర్తి కానివ్వకుండా.

"అట్లనా! నువ్వు చెప్పినంక ఇంకేముంది, వదిలేస్త."

శశికళ తెల్లబోయింది. "అన్నయ్యతో అబద్ధం చెప్పారా?"

"లాటరీ అయ్యేదాకానే. మనకి సీటొచ్చాక నేనే నిజం చెప్తాలే."

"మనకొచ్చాక చెప్తే వాళ్ళకేం లాభమండీ?"

ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పటికి కారు హైవే ఎక్కేసింది.

జగదీష్ నోటి నుంచి ఆ మాట పాకి, మర్నాటికి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో మ్యాథ్స్ వీక్ అన్నది, మ్యాథ్స్ టీచర్ మానేశాడట అయింది. ఆ తర్వాత అసలు టీచర్నే పెట్టలేదట అయింది. వారం తిరిగేసరికి బడే మూసేస్తున్నారట అయింది. గ్రూప్ నడిపే పద్మగారు నేరుగా అతన్నే అడిగారు. "చక్రపాణి గారూ, స్కూళ్ళ సంగతి మీకన్నా ఎవరికి తెలుసు? ఇది నిజమేనాండీ?"

కాదంటే అందరూ ఎగబడతారు. అవునంటే పాపం. చాలాసేపు తల బద్దలు కొట్టుకుని, "నేనూ అలాగే విన్నానండీ" అని పెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు. అదే గ్రూప్‌లో విన్నాడు.

ఇంకేం, ఆ మాట గ్రూప్ దాటి ఊళ్ళన్నీ పాకింది, జనం హెరన్ హిల్ వైపు చూడటం మానేశారు. కొన్ని వారాలకు ఆ బడి నుంచి ఫోన్ వచ్చింది. అప్లికేషన్లు చాలా తక్కువ వచ్చాయట, లాటరీయే లేదట, నిధికి సీటు ఖాయమట. ఇంకా బోలెడు ఖాళీలున్నాయి, స్నేహితులెవరైనా ఉంటే దయచేసి చెప్పమన్నారు.

చక్రపాణి ఎగిరి గంతేసి, నిధిని తీసుకుని జగదీష్ ఇంటికి పరుగెత్తాడు. ఇంటి ముందు సామాను ఎక్కిస్తున్న ట్రక్కు కనిపించింది.

"అట్లాంటాకి అవతల ఓ చార్టర్ స్కూల్ల సీటొచ్చింది రా," అన్నాడు జగదీష్. "ఈడికి స్కూల్ బస్సు రాదు. నాది ఎట్లైన వర్క్ ఫ్రమ్ హోమే గదా, ఆడనే ఇల్లు లీజుకి తీసుకున్న. నీకు చెప్దామనే అనుకున్న గానీ, అయ్యేదాకా చెప్పొద్దని మా ఆవిడ..."

"రేయ్, హెరన్ హిల్ చాలా మంచి స్కూల్ రా. నీతో అబద్ధం చెప్పాను."

జగదీష్ నవ్వి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నిధి ఒక్కతే అయితదని ఇట్లంటున్నవ్, నాకు తెల్వదా? ఆ రోజు నేను ఫోన్ చేసిందే అందుకు. నిధి ఏ స్కూలైతే నాకూ అదే కావాలని నైనిక ఒకటే ఏడుపు. నువ్వే వద్దంటివి. సొంత బిడ్డ లెక్క ఆలోచించి చెప్పినవ్, జిందగీల మర్చిపోను."

చక్రపాణి ఒట్లు వేశాడు. జగదీష్ నమ్మలేదు. గ్యారేజీలో ఒక అట్టపెట్టె మీద పిల్లలిద్దరూ ఆనుకుని కూర్చుని ఉన్నారు. ట్రక్కు కదిలేదాకా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో నిధి అడిగింది. "డాడీ, ఆ స్కూల్ బ్యాడ్ అని నువ్వే చెప్పావా?"

"నీ కోసమే నాన్నా."

"నా కోసం అయితే, నన్ను అడగాలి కదా?"

చక్రపాణి కారు పక్కకు ఆపాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. నిధి ఓదార్చలేదు, కోప్పడలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

ఆగస్టులో బడి తెరిచారు. మొదటి రోజు సాయంత్రం చక్రపాణి అందరికన్నా ముందు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. నిధి ఒక్కతే నడుచుకుంటూ వచ్చి కారెక్కింది.

"ఎలా ఉందమ్మా?"

"ఫైన్."

"లంచ్ ఎవరితో తిన్నావ్?"

"టీచర్‌తో. నేను ఒక్కదాన్నే ఉన్నా అని, షీ కేమ్ అండ్ శాట్ విత్ మీ."

పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే చేరడంతో, ఒక్కో విద్యార్థి మీద ఉపాధ్యాయులు చూపే శ్రద్ధలో మాత్రం ఆ ఏడాది జార్జియా రాష్ట్రం మొత్తంలో హెరన్ హిల్‌ను మించిన బడి లేదు.