బకెట్టుకు జ్వరం

వేట నిషేధానికి ఆ రోజే ఆఖరు. తెల్లవారితే నిజాంపట్నం పడవలన్నీ సముద్రం మీదకు వెళతాయి. ముత్యాలరావు ఫైబర్ పడవకు మాత్రం అడుగున అరచేయంత చిల్లు ఉంది. ఫైబర్ మేస్త్రి రియాజ్ బాపట్లలో వేరే పనిలో ఇరుక్కుపోయాడు. రెండు నెలలు ఖాళీగా ఉన్నవాడు తొలి వేటనాడు కూడా ఒడ్డున కూర్చోవడమంటే ప్రాణం పోయినట్టే. అందుకని టిఫిన్ కాగానే చిల్లు తానే పూడ్చి, సాయంత్రానికి పడవను నీళ్ళలో దించాలని నిశ్చయించుకున్నాడు.

దుంగల మీదున్న పడవ చిల్లుకు అడుగున అట్ట అంటించి, లోపల ఫైబర్ గుడ్డ పరిచాడు. ఇక దాని మీద తెనాలి నుంచి తెచ్చిన రెజిన్ జిగురు పూయాలి. రెజిన్ గట్టిపడాలంటే అందులో హార్డెనర్ కలపాలి. రియాజ్ ఎప్పుడూ మగ్గుడు రెజిన్‌లో ఒక మూతెడే కలిపేవాడు. అది మేస్త్రి నాన్చుడు తప్ప మరేం కాదని ముత్యాలరావు నమ్మకం. మజ్జిగ ఎక్కువేస్తే పెరుగు తొందరగా పేరుకోవడం లేదా? ఆ లెక్కనే బకెట్టెడు రెజిన్‌లో సీసా మొత్తం వంపేసి కర్రతో తిప్పాడు.

టీ తెచ్చిన భార్య మహాలక్ష్మి బకెట్టును ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏవయ్యా, బకెట్టుకి జ్వరమొచ్చింది."

"మందు పనిచేస్తందే. వేడి పోకుండా మూతెడతా ఉండు."

అప్పటికే బకెట్టు ఆవిర్లు కక్కుతోంది. మహాలక్ష్మి మూత లాక్కుని అవతల పారేసింది. పెళ్ళిళ్ళలో బస్తాల లెక్కన అన్నం వార్చిన మనిషి ఆమె.

"గుట్టగా ఉంటే అన్నమే చల్లారదు, ఇదేం చల్లారుద్ది? పల్చగా పరవాలి."

చేతులకు గోనెపట్టా చుట్టుకుని, బకెట్టును పడవలోకి వంచి, చీపురుతో గుడ్డ మీదంతా పరిచేసింది. వంపగా మిగిలిన అడుగు ముద్ద చిటపటలాడుతూ పొగ చిమ్మింది, బకెట్టు కరిగి కుంగిపోయింది. ముత్యాలరావు నోరు తెరుచుకుని భార్యనే చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో తెలివైనవాడు ఎవరన్న విషయంలో తాను పొరబడ్డానని మొదటిసారి ఒప్పుకున్నాడు, మనసులోనే.

రియాజ్‌కు ఫోన్ చేస్తే, "సీసా మొత్తమా బాబాయ్? దూరంగా జరగండి, అంటుకుంటది," అన్నాడు.

ఆ పొగను టీ కొట్టు దగ్గర్నుంచి చూసిన బావమరిది నాగబాబు, బావ పడవ తగలబడుతోందని ఫైరింజనుకు ఫోన్ చేశాడు. ఆ కబురు ఆటోల స్టాండు చేరేసరికి పడవతోపాటు బావ కూడా కాలిపోయాడు. రేపల్లె వైపు నుంచి ఫైరింజను, దాని వెనకే ఆటోలో ఏడుస్తూ ముత్యాలరావు మేనత్తా దిగారు. ఆమె అతన్ని తడిమి చూసి, ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఫైరింజను వాళ్ళు ముద్దను చల్లార్చారు. పడవ అడుగు ఇంకా కాలుతోందని దాని మీదా నీళ్ళు వదిలారు. చూస్తుండగానే పడవ అంచుల దాకా నిండిపోయింది.

"అయిపోయింది. అతుకు లేచిపోయుంటది. రేపు ఒడ్డునే," అంటూ ముత్యాలరావు ఇసుకలో కూలబడ్డాడు.

మహాలక్ష్మి పడవ కిందికి దూరింది. అట్ట పీకేసి, అతుకంతా అరచేత్తో తడిమి, బయటికొచ్చి ఆ చెయ్యి మొగుడి ముఖం ముందు పెట్టింది. పొడిగా ఉంది.

"చుక్క కారట్లేదు. లేచి నీళ్ళు తోడు."

ముత్యాలరావుకు ఆ చేతిని కళ్ళకద్దుకోవాలనిపించింది. మేనత్త చూస్తోందని ఆగాడు.

మర్నాడు నిజాంపట్నం నుంచి కదిలిన పడవల్లో ఫైరింజను పరీక్ష పాసై వెళ్ళింది అదొక్కటే.