ఇత్తడి తాళం గుర్తుకే మీ ఓటు

ఆ ఉదయం కోదండరామన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లచొక్కా తొడగాలి, పెరియకుళం పక్కనున్న తమ ఊళ్లో తెలుగువాళ్ల వీధి ఒక్కటి తిరిగి ఓట్లు అడగాలి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. పంచాయతీ అధ్యక్షుడిగా ఆయన రెండవసారి నిలబడ్డాడు. ఎన్నికలవారు ఇచ్చిన గుర్తు తాళం. పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేసి, ఊరందరిచేత 'ఏట్టు' అని పిలిపించుకునేవానికి అంతకన్న తగిన గుర్తు ఏముంటుంది? తన ఏలుబడిలో ఊళ్లో ఒక్క దొంగతనమూ జరగలేదన్నదే ఆయన ప్రచారమంతా. కొలువంతా గాంధీపురం బస్టాండు ముందు ఆటోలను అదిలించడంతోనే గడిచిందనీ, ఒక్క దొంగనైనా పట్టలేదనీ ఆయన ఎవరికీ చెప్పలేదు. అది గుర్తుకొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కేవి. చెవులు వేడెక్కిన కొద్దీ గొంతు పెరిగేది.

గుర్తును చేతపట్టి ఇంటింటికీ తిరగడం అక్కడి వాడుక. భార్య కమలం అట్టతో తాళం చేసిపెట్టింది. అది ఆయన కంటికి ఆనలేదు. తమ మామిడిపండ్ల గిడ్డంగికి వేసే కొబ్బరికాయంత ఇత్తడి తాళం ఊడదీసి తెమ్మన్నాడు.

"అది వద్దండి. అట్టదే అందంగా ఉండాది" అన్నది కమలం, నేలచూపు చూస్తూ. ఎందుకు వద్దో చెప్పలేదు. తెచ్చి ఇచ్చింది.

మొదటి ఇల్లు చిన్నత్తాయిది. వరుసకు మేనత్త. హారతి పళ్లెం పట్టుకుని గ్రిల్ తలుపు వెనుక నిలబడి, తాళాన్ని చాలాసేపు చూసింది.

"ఇదేనా రామా, నీ గుడోను పూట్టు?"

అరవం కలిసిన ఆ వీధి మాటలో పూట్టు అంటే తాళం. ఆ ప్రశ్నలో ఆయనకు అనుమానం వినిపించింది. మాటతో కాదు, చేతతో చూపాలనుకున్నాడు. గ్రిల్ గొళ్లానికి తాళం తగిలించి, టక్కున నొక్కాడు. ఏనుగు వచ్చినా ఊడదని వెంట వచ్చినవారికి చెప్పి, తాళంచెవి కోసం జేబు తడిమాడు. జేబులో చేతిరుమాలు, కొలువునాటి ఈల ఉన్నాయి.

కమలానికి ఫోను చేశాడు. "సావి ఎప్పుడో పోయె" అన్నదామె. మరి గిడ్డంగి ఎలా తెరుస్తున్నావని అడిగేలోగా ఫోను పెట్టేసింది.

ఏట్టు అత్తను ఇంట్లో పెట్టి తాళం వేశాడన్న మాట వీధిలో బయలుదేరింది. టీకొట్టు చేరేసరికి, ఓటు వేయనన్నందుకు వేశాడని మారింది. బస్సు ఆగే చోటికి చేరేసరికి ముసలమ్మకు అన్నమూ నీళ్లూ కూడా లేవు. నిజానికి ఆమె లోపల కూర్చుని ఇడ్లీ తింటోంది. ఎదుటి అభ్యర్థి శంకరన్ తన మనుషులతో వచ్చి గుమ్మం ముందు బైఠాయించాడు. గుంపును చూడగానే కోదండరామన్ పాత చేయి పైకి లేచింది. జేబులోని ఈల నోటికి వచ్చింది. ఓట్లు అడగవలసిన జనాన్ని ఆయన ఆటోలను అదిలించినట్టు అదిలించాడు. చెదిరినవారు మరికొందరిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు.

అప్పుడు జీపు దిగింది ఇన్స్పెక్టరు వినోదిని. ఆయన కూతురి వయసు పిల్ల. సెల్యూట్ చేయాలో, నమస్కారం పెట్టాలో తోచక, కోదండరామన్ చేయి చెవిదాకా వెళ్లి ఆగింది.

"పూట్టింది మీరేనా అయ్యా?"

"నేనే."

పగులగొడదామన్నది. ఆయన ప్రాణం చివుక్కుమంది. "వద్దమ్మా. ఇన్నేండ్లుగా నా గుడోనును కాచిన పూట్టు ఇది. ఒక్క కాయ పోలేదు. దీన్ని తెరిచేవాడు ఈ ఊళ్లో పుట్టలేదు."

వీధిలోవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నత్తాయి ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టి, లేచి వచ్చి, గ్రిల్ సందులోంచి చేయి పెట్టింది. తాళాన్ని ఎడమవైపు కొద్దిగా వంచి, అరచేత్తో అడుగున తట్టి, లాగింది. అది పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడు చేసి ఊడింది.

"ఇంతసేపూ ఎందుకత్తా ఊరుకుంటివి?" ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

"నీ మానం పోతాదని, నాయనా. ఇది తెలియని పిల్లకాయ ఈ వీధిలో ఎవడుండాడు? పండ్లు తినేది, నీ మీటింగుకొచ్చి మూతి తుడుచుకొని చప్పట్లు కొట్టేది. నీ పెండ్లామే గదా మాకు నేర్పించింది. కుళ్లిపోయేదానికన్నా తినేది మేలు అనె."

కోదండరామన్ శంకరన్ వైపు చూశాడు. ఇంతకన్న మంచి అదును ఏ అభ్యర్థికీ దొరకదు. కానీ శంకరన్ తన చెప్పుల వైపే చూస్తున్నాడు; ఆ గిడ్డంగి కాయలతోనే తన ఇంట్లో పెట్టిన ఆవకాయ జాడీలు గుర్తుకొచ్చి ఉండాలి. వినోదిని ఫిర్యాదు రాసుకోమంటారా అని మెల్లగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాళాన్ని కండువాలో చుట్టి చంకన పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఇల్లు చేరాడు. తర్వాత ఒక్క గడపా ఎక్కలేదు. పోటీ విరమించుకునే గడువు దాటిపోయింది కాబట్టి మాత్రమే పేరు మిగిలింది.

ఎన్నికలో ఆయనే గెలిచాడు. పోయినసారికంటే ఎక్కువ ఓట్లతో. నమ్మలేక అత్తను కారణం అడిగాడు.

"ఓడిస్తే పనిలేక గుడోను వాకిట్లోనే కూచుంటావు గదా రామా" అన్నదామె. "మాగేకాలం వస్తా ఉండాది."

పదవి చేపట్టిన రోజున ఊరివారు ఆయనకు శాలువా కప్పి, ఒక బుట్ట మామిడిపండ్లు కానుకగా ఇచ్చారు. వాటి రుచి ఆయనకు బాగా తెలిసినదే.