మట్టిబొమ్మ తల తిప్పిందెవరు?

“వదినా! నేరస్థుడికి నేరం చెయ్యాలన్న ఆలోచన రాకముందే నా ముక్కు దురదపెడుతుంది. అపరాధలోకం నా పేరు వింటేనే వణుకుతుంది!”

మండుటెండలో రెయిన్‌కోటు తొడుక్కుని, వెనక గది గుమ్మంలో నిలబడి మరిది ప్రకటించాడు. ‘డేగకన్ను డిటెక్టివ్’ అని తనే కార్డులు కొట్టించుకున్నాడు కాబట్టి ఇంట్లో అందరూ అతన్ని డేగ అంటారు. ఇప్పటిదాకా పట్టుకున్నది ఒకే ఒక్క దొంగని. పాపం, ఆ దొంగ తాళంచెవి పోగొట్టుకుని తన ఇంటి కిటికీలోంచి తనే దూరుతున్న పక్కింటాయన.

వదినకి నవ్వే ఓపిక లేదు. అత్తగారు వయసులో ఉండగా పత్రికకి రాసిన చిన్న కథని ఆమె బొమ్మల సినిమాగా తీస్తోంది. నిర్మాత లేడు, స్టూడియో లేదు. ఒక బల్ల, దానిమీద అట్టముక్కల వీధి, ఒక కెమెరా, ఒక కంప్యూటరు, అంతే. ఒకాయన మరిచిపోయిన గొడుగు తిరిగిచ్చేసి, తను మాత్రం వానలో తడుస్తూ వెళ్ళిపోయే అమ్మాయి కథ. మట్టిబొమ్మని వెంట్రుకవాసి జరపాలి, ఫోటో తియ్యాలి, మళ్ళీ జరపాలి. ఫోటోలన్నీ గబగబా తిప్పితే అమ్మాయి నడుస్తుంది.

శనివారానికి పోటీకి పంపాలి. కానీ రోజూ భోంచేసి వచ్చేసరికి అమ్మాయి తల వెనక్కి తిరిగి ఉంటోంది. ఆ షాటు మళ్ళీ మొదటికొస్తోంది.

పోటీ సంగతి అలా ఉంచి, వదిన గుండెలో గుచ్చుకుంటున్నది వేరే ఉంది. కథ అడిగినప్పుడు అత్తగారు “నీ ఇష్టమమ్మా” అన్నారంతే. ఆ తర్వాత ఈ గది గడప తొక్కలేదు. ఆవిడకి నచ్చకే ఇదంతా జరుగుతుంటే, ఆ కథని ముట్టుకునే హక్కు తనకెక్కడిది?

డేగ ఆలస్యం చెయ్యలేదు. బల్లంతా పౌడరు చల్లాడు. వానలో ఉన్న వీధి కాస్తా మంచులో మునిగింది.

“దొరికాయి! బొమ్మ ఒళ్ళంతా వేలిముద్రలే!”

“ఆ బొమ్మని చేసింది నేనే కదా నాయనా!”

“అయితే మొదటి ముద్దాయివి నువ్వే. రెండోవాడు అన్నయ్య. పెళ్ళానికి పేరొస్తుందని కుళ్ళు!”

హాల్లోంచి అన్నయ్య కేకేశాడు. “ఒరేయ్, ఆ గదిలోకి రావాలంటేనే నాకు హడల్రా! పోయినసారి తుమ్మితే వీధి వీధంతా కూలింది!”

“ఇక మిగిలింది ఒకటే, మాటు!” అని డేగ బల్లకింద దూరాడు. అక్కడ కెమెరా మీట ఉంటుంది. చేతులు బొమ్మమీద ఉంటాయి కాబట్టి వదిన దాన్ని కాలితో నొక్కుతుంది. నొక్కినప్పుడల్లా ఒక ఫోటో. తలకింద ఎత్తుగా బావుందని డేగ దానిమీదే బుగ్గ ఆన్చాడు.

వదిన పౌడరంతా దులిపి భోజనానికి వెళ్ళొచ్చింది. అమ్మాయి తల మళ్ళీ తిరిగే ఉంది!

“చీమ కూడా రాలేదు వదినా!” డేగ కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు. బుగ్గమీద మీట గుర్తు అచ్చుగుద్దినట్టు పడింది.

వదిన కంప్యూటరు చూసి నోరు తెరిచింది. కుప్పలుతెప్పలుగా ఫోటోలు! మహానుభావుడు గురక పెట్టినప్పుడల్లా తల కదిలింది, మీట నొక్కుకుంది.

గబగబా తిప్పింది. గాజులున్న ముడతల చెయ్యి ఒకటి తెరమీదికొచ్చింది. పసిబిడ్డ తలని సవరించినట్టు అమ్మాయి తలని కొంచెం తిప్పింది. ఆగింది. ఇంకొంచెం తిప్పింది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి డేగలు అక్కర్లేదు.

“అమ్మా! నువ్వా!” అన్నాడు డేగ.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

వదిన కుర్చీలోంచి లేచింది. “మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తాను అత్తయ్యా.”

“ఆపడమేమిటే పిచ్చిమొద్దూ! ఆ పిల్ల వెనక్కి చూడాలే.”

“అచ్చులో ‘వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది’ అనే ఉందిగా?”

“పత్రికవాళ్ళు దిద్దేశారు. మంచి ఆడపిల్ల వెనక్కి చూడకూడదట! నేను రాసింది, చూసిందనే. అప్పుడు నోరెత్తలేకపోయాను. ఇప్పుడు చెబితే అత్తగారి పెత్తనం అనుకుంటావని...”

వదిన ఏడుస్తూనే నవ్వింది. కుర్చీ జరిపి ఆవిణ్ణి బల్లముందు కూర్చోబెట్టింది. తెరమీది చేతిని చెరిపెయ్యబోయి ఆగిపోయింది. ఉండనీ. కథ రాసిన చెయ్యే కదా!

సినిమా శనివారమే వెళ్ళింది. చివర వానలో ఆ ముడతల చెయ్యి తల తిప్పితే, అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ తర్వాత పేర్లు పడతాయి. ‘కథ: అత్తగారు. దర్శకత్వం: కోడలు. కెమెరా: డేగ, నిద్రలో.’

“ఆ ‘నిద్రలో’ తీసెయ్ వదినా!” డేగ గింజుకున్నాడు. “అది నా వ్యూహం!”

“వ్యూహం అంత గట్టిగా గురక పెట్టదురా,” అంది వాళ్ళమ్మ.