మిస్ వెర్లీన్ పోయిన పూట

ఇలా దగ్గరికి రండి, ఆ కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కోండి. గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది. పైనీ ఫోర్క్‌లో గోడలకు చెవులుండేవి ఒకప్పుడు, ఇప్పుడు వాటికి ఫోన్లు కూడా వచ్చాయి. మిస్ వెర్లీన్ స్టిడమ్ ఒక పూట చనిపోయి, మధ్యాహ్న భోజనం వేళకు లేచి కూర్చున్న కథ వినండి.

ఆ బుధవారం పొద్దున్న ఓలెటా ఫ్యూగేట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కాచుకోవాలి, మొక్కజొన్న రొట్టెకు వెన్న రాసుకోవాలి, వెర్లీన్ మీద వచ్చిన వీడియో కింద అభిమానులు రాసిన మాటలు చదువుకోవాలి, పది గంటలకు వెళ్ళి వాటిని వెర్లీన్‌కు వినిపించాలి. అంతే.

వీడియో తీసింది నాష్‌విల్ పట్నంలో ఎవరో గడ్డపాయన. బొగ్గుగని వాళ్ళ పాకలో పుట్టిన పిల్ల ఊరూరా పాడి కెంటకీ కొండలకే పేరు తెచ్చిన వైనమంతా గంటన్నర సేపు చూపించాడు. పాత ఫొటోలు ఒక్కొక్కటే మెల్లగా దగ్గరికి వస్తుంటే వెనక పియానో కుయ్యిమని ఏడుస్తూ ఉంటుంది. చూస్తున్నవాళ్ళు తెలియకుండానే టోపీ తీసేస్తారు.

వెర్లీన్ పాట మానేసి చాలా ఏళ్ళయింది. ఆ శనివారం, జొన్నచెరకు రసం కాచి పాకం తీసే జాతరలో ఒక్క పాట పాడమని ఊరు బతిమాలింది. ఆమె ఔననలేదు, కాదనలేదు, మంగళవారం ఓలెటాను పిలిచి ఒక షరతు పెట్టింది.

"జనం నన్నింకా కోరుకుంటున్నారంటే పాడతా. లేదంటే నా గిటారుని మ్యూజియం వాళ్ళకిచ్చేసి తలుపేసుకుంటా. రేపు మధ్యాహ్నం వాళ్ళ వ్యాను వస్తుంది. నా కళ్ళకి ఆ చీమల అక్షరాలు ఆనవు గానీ, నువ్వు చదివి చెప్పు. నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు, అవునా?"

"చెప్పలేదు, మిస్ వెర్లీన్," అంది ఓలెటా. నిజమే. ఇరవై ఏళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె వెర్లీన్ అభిమాన సంఘానికి అధ్యక్షురాలు. ఇప్పుడు సంఘంలో సగం మంది కొండమీద శ్మశానంలో ఉన్నారు, మిగతా సగానికి వినపడదు. ఆ గొంతు ఇంకొక్కసారి, ఎదురుగా నిలబడి వినాలని ఓలెటాకు ఉన్న కోరిక ఆకలిలాంటిది. తిన్నా తీరదు.

సరే, కాఫీ పోసుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది, చదవడం మొదలుపెట్టింది. మొదటి మాటకే రొట్టె గొంతులో ఇరుక్కుంది.

"ఈవిడకి జుట్టెత్తు ఎక్కువ, గొంతెత్తు తక్కువ."

దాని కింద మరొకరు: "'తెల్లగౌను' అనే పాటల రికార్డులో పట్నం వాద్యాలు పెట్టించిన రోజే ఈమె మా కొండకి కాకుండా పోయింది." దానికి జవాబు: "నోర్ముయ్, వినదగ్గది అదొక్కటే. మిగతావన్నీ మేకలమంద." ఆ కింద: "ఆమె రెండో మొగుడు ఇంకా బాగా పాడేవాడు." "పాడింది మూడో ఆయన, తెలుసుకుని రాయి. రెండో ఆయన లారీ తోలేవాడు." అట్టడుగున ఎవరో అమాయకంగా అడిగారు: "ఇంతకీ ఈవిడ ఉందా, పోయిందా?"

ఓలెటా కాఫీ కప్పు పక్కకు నెట్టింది. ఇవి చదివితే గిటారు వ్యానెక్కుతుంది. చదవకపోతే అబద్ధం. ఏమీ తోచనప్పుడు ఆ కొండల్లో ఆడవాళ్ళు ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. వంట చేసింది. చెడ్డ మాట మోసుకెళ్ళేటప్పుడు వట్టి చేతులతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ చెప్పేది. కోడిమాంసం, అన్నం, పైన నలిపిన ఉప్పు బిస్కెట్లు వేసి, గాజు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడిగా తీసి రేకు కప్పింది. గిన్నె తిరిగి రావాలి గదా, అడుగున పేరు రాసిన పట్టీ అంటించింది. వెర్లీన్ ముందుకు ఇంట్లో తిరిగే గౌనుతో వెళ్ళడం ఆమె ఎరగదు కాబట్టి చర్చికి వేసుకునే ముదురు నీలం గౌను తొడిగింది. బయల్దేరింది.

ఇక్కడే కొంప మునిగింది. పైనీ ఫోర్క్‌లో ఎవరైనా కన్నుమూస్తే పాస్టర్ కన్నా ముందు గిన్నె వెళ్తుంది. ఆదివారం కాని రోజున, పొద్దుటి పూట, చర్చి బట్టల్లో, రేకు కప్పిన గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఒక మనిషి నడిచిందంటే ఆ ఇంట్లో ఒకరు తగ్గారన్నమాట. ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. ఓలెటాకూ తెలుసు. కానీ ఆ పూట ఆమె బుర్రలో జుట్టెత్తు, మేకలమంద తప్ప ఇంకేమీ లేవు.

వెర్లీన్ ఎదురింటి కిటికీలో నెల్డా పెనింగ్టన్ ఉంది. ఆమె చర్చి పాటల బృందానికి పెద్ద. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"ఓలెటా! ఎవరికే ఆ గిన్నె?"

ఓలెటాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డంతో వెర్లీన్ ఇంటివైపు చూపించింది. నెల్డా గుండెమీద చెయ్యేసుకుని, "అయ్యో ప్రభువా!" అని కర్టెన్ వేసేసింది. నెల్డా కూడా ఆ పాడు మాటలన్నీ చదివినట్టుందే, పాపం మంచిది, అనుకుంది ఓలెటా.

వెర్లీన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది, వెంట్రుక చెదరకుండా. "గిన్నె ఎందుకే?"

"ఊరికే... మీరు చిక్కారు, మిస్ వెర్లీన్."

"చిక్కలేదు గానీ, చదువు."

ఓలెటా నీళ్ళు తాగింది. కళ్ళజోడు తుడిచింది. మళ్ళీ నీళ్ళు తాగింది. వాతావరణం గురించి రెండు మాటలు, నడుంనొప్పి గురించి నాలుగు మాటలు చెప్పింది. వెర్లీన్ బల్లమీద వేళ్ళతో దరువేయడం మొదలుపెట్టాక, ఇక జన్మలో మొదటి అబద్ధం ఆడక తప్పదని ఫోన్ తెరిచింది. తెరిచి, బిగుసుకుపోయింది.

"ఏమైందే? పాముని చూసినట్టు చూస్తావ్?"

"'ఇలాంటి గొంతు'," అని చదివింది ఓలెటా. తన గొంతు తనకే వింతగా ఉంది. "'ఇలాంటి గొంతు మళ్ళీ పుట్టదు'... 'తెల్లగౌను రికార్డు వింటూ మా ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నాం'... 'ఆమె దేవత. ఆ జుట్టు కిరీటం'..."

జుట్టెత్తు అన్నవాడే కిరీటం అన్నాడు! పేరు అదే, ఫొటో అదే. ఓలెటా నోరు తెరుచుకునే ఉంది. మాటలు మాత్రం వానలా కురుస్తున్నాయి. చదివేకొద్దీ పైనుంచి కొత్తవి దిగుతున్నాయి. మేకలమంద అన్నావిడ క్షమాపణ అడుగుతోంది.

వెర్లీన్ చెంపలు తుడుచుకుంది. "ఇంత ప్రేమా, ఓలెటా? నన్నెవరూ తలుచుకోరనుకున్నా." గబుక్కున లేచింది. "నా బంగారు తళుకుల గౌను ఎక్కడుందో! వ్యాను వస్తే వెనక్కి పొమ్మను. శనివారం ఒకటి కాదు, మూడు పాడతా!"

పడగ్గది తలుపు పడింది. ఓలెటా దేవుడికి దండం పెట్టుకుంటూ ఇంకాస్త కిందికి జరిపింది. ఈ వానకు మొదటి చినుకు ఎక్కడ పడిందో చూద్దామని. చూసింది. నెల్డా పెనింగ్టన్ రాసింది: "మన వెర్లీన్ ఇక లేరు. గిన్నె వెళ్ళడం నా కళ్ళారా చూశాను."

ఓలెటా ఫోన్‌ను గౌను జేబులో కుక్కింది. అప్పుడే గంట మోగింది.

తలుపు తీస్తే వరండా నిండా నల్లబట్టలు, నల్లబట్టల చేతుల్లో గిన్నెలు. పందితొడ హామ్, ఉడికించిన గుడ్లు, చిక్కుళ్ళు, అరటిపండు పాయసం. మెట్లమీద పాటల బృందం వరుస కడుతోంది. ముందు నెల్డా, ఆమె పక్కన పాస్టర్ బ్రదర్ హైరమ్, వెనకాల గజంబద్ద పట్టుకుని, శవపేటికలు చేసి శవాలను ముస్తాబు చేసే ఓర్విల్ నోబుల్.

ఓలెటా తలుపు వెనక్కి లాగి గుసగుసగా అంది, "వెళ్ళిపోండి! ఆవిడ పోలేదు!"

నెల్డా బ్రదర్ హైరమ్ వైపు తిరిగింది. "చెప్పానుగా బ్రదర్ గారూ, తట్టుకోలేదని."

"మొదట్లో ఎవరూ ఒప్పుకోరు, సిస్టర్," అని ఆయన ఓలెటా తలమీద చెయ్యి పెట్టాడు. "ఏడువమ్మా. ఏడిస్తే తేలికవుతుంది."

"నాకేడుపు రావట్లేదు బ్రదర్ గారూ! ఆవిడ లోపల బట్టలు మార్చుకుంటున్నారు!"

"ఎవరు మారుస్తున్నారు?" అన్నాడు ఓర్విల్, కాస్త నొచ్చుకుని. "అది మా పని కదండీ."

"ఆవిడే మార్చుకుంటున్నారు!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓర్విల్ జాలిగా తల ఊపి, గుమ్మం వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు. "పెట్టె అడ్డంగా పట్టదు. కొంచెం వాల్చి తియ్యాలి." గేటు దగ్గర మ్యూజియం వ్యాను ఆగింది. అందులోంచి దిగినాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. నెల్డా చెయ్యెత్తింది, బృందం శోకగీతం అందుకుంది. ఓలెటా రెండు చేతులూ ఊపుతూ ఆపండి ఆపండి అంటుంటే, దుఃఖంలో తాళం వేస్తోందనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా పాడారు.

ఆ పాట మధ్యలో తలుపు బార్లా తెరుచుకుంది.

బంగారు తళుకుల గౌను, పెదవులకు ఎర్రరంగు, మూరెడెత్తు జుట్టు, భుజాన గిటారు. మిస్ వెర్లీన్ వరండాలోకి అడుగుపెట్టి రెండు చేతులూ చాచింది. "నా బంగారాలూ! అంతా వచ్చేశారే!"

పాట మధ్యలోనే తెగింది. గుడ్ల పళ్ళెం ఒకటి మెట్లమీద దొర్లింది. బృందంలో లావుపాటావిడ చప్పుడు చెయ్యకుండా పక్కావిడ మీదికి ఒరిగింది, పక్కావిడ కంచెమీదికి ఒరిగింది. బ్రదర్ హైరమ్ ముప్ఫై ఏళ్ళుగా పునరుత్థానం గురించి ప్రసంగిస్తున్నాడు గానీ, ఎదురుగా చూసేసరికి గులాబీ పొదలో పడ్డాడు.

వెర్లీన్ చేతులు మెల్లగా దించింది. నల్లబట్టలు చూసింది. గజంబద్ద చూసింది. "ఎవరు పోయారు?"

అందరూ ఓర్విల్ వైపు చూశారు. చివరికి ఓర్విలే, వృత్తిరీత్యా ఉన్న మర్యాద వదలకుండా, గొంతు తగ్గించి చెప్పాడు: "మీరేనండి, మిస్ వెర్లీన్."

వెర్లీన్ ఓలెటా వైపు తిరిగింది. ఆ చూపు ముందు ఓలెటా చిన్నపిల్లయిపోయింది.

"అయితే ఆ ప్రేమంతా శవానికన్నమాట. నేను పోకముందు ఏం రాశారు? చదువు."

"వద్దండి."

"చదవవే."

ఓలెటా చదివింది. ఒక్క మాట కూడా మింగలేదు. జుట్టెత్తు చదివింది, మేకలమంద చదివింది, మూడో మొగుణ్ణీ చదివింది. పట్నం వాద్యాల దగ్గరికి వచ్చేసరికి నెల్డా ఆపుకోలేకపోయింది.

"అదొక్కటి మాత్రం నిజం, మిస్ వెర్లీన్. మీరు ఉన్నారు కాబట్టి అంటున్నా. 'దీపం ఆర్పకమ్మా' పాటలో ఆ పట్నం వాద్యాలు లేకుండా ఉంటే ప్రాణం లేచొచ్చేది."

"నీకేం తెలుసు?" అన్నాడు ఓర్విల్. మర్యాద ఎటు పోయిందో! "ఆ మూడో చరణంలో ఆ వాద్యాలు తగ్గి, ఒక్క గొంతే మిగులుతుంది చూడు, అక్కడే మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవని నేను ఏడ్చాను!"

"మూడో చరణం కాదు, రెండోది!" గులాబీ పొదలోంచి బ్రదర్ హైరమ్ అన్నాడు.

అంతే, వాకిలంతా రేగింది. నల్లబట్టలు రెండు వర్గాలై తెల్లగౌను రికార్డు మీద పడి కొట్టుకున్నాయి. మ్యూజియం ఆయన కూడా టోపీ పెట్టుకుని దూకాడు. ఒకరు చరణం పాడి చూపిస్తే ఇంకొకరు అలా కాదని దిద్దారు. ఇక అయిపోయింది, గిటారు పోయింది, నా వల్లే పోయింది అని ఓలెటా మొహం కప్పుకుంది.

భుజంమీద చెయ్యి పడింది. వెర్లీన్ ఏడవడం లేదు. ఆమె కళ్ళు ఆమె గౌనుకన్నా మెరుస్తున్నాయి.

"చూశావుటే? పొగడ్డానికి వినక్కర్లేదు. ఫలానా చరణం బాలేదని ఇన్నేళ్ళ తర్వాత కొట్టుకోవాలంటే మాత్రం ప్రతి అక్షరం విని ఉండాలి." గిటారు ముందుకు లాక్కుంది. "శనివారం దాకా ఎందుకు? ఒసేయ్ నెల్డా, నోర్మూసుకో! బ్రదర్ గారూ, అది మూడో చరణమే. వినండి."

పాడింది. గొంతు కాస్త గరుకెక్కింది, ఒకచోట చీలింది కూడా. ఓలెటా ఎదురుగా నిలబడి వింది. ఆ తర్వాత వరండాలోనే ఆమె చావుభోజనం అందరూ కలిసి తిన్నారు. వెర్లీన్ రెండుసార్లు వడ్డించుకుంది. శనివారం జాతరలో ఆమె పాడిన పాట వీడియో పెడితే, కింద నెల్డా మొట్టమొదటి మాట రాసింది: "పోయినప్పుడే నయం."

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీవాళ్ళకు చెప్పండి. నాలుగు మాటలు కలిపినా ఫరవాలేదు, చరణం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వెర్లీన్ చెవిన పడకుండా మాత్రం చూసుకోండి, ఆమె ఇంకా బతికే ఉంది.