మిగతాదంతా మచ్చే

వీధి వైపు గోడకు పట్టిన పాకుడు పోవాలి. మూడు రాతిమెట్లు కడగాలి, ఆరాక కాలు జారకూడదు. తలుపు తుడవాలి గాని తడపకూడదు. కిటికీ ఊచల బూజు దులపాలి. పూలకుండీలు పక్కకు జరపాలి. బావను నిద్ర లేపకూడదు.

శనివారం ఉదయం పదకొండు గంటల లోపల జరగవలసిన పనులివి. రాసినవాడు డిగ్రీ. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కి, పట్టాతో బయటపడ్డ మొదటివాడు అతనే కాబట్టి, ఆ రోజు నుంచి ఇంట్లో అతన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు. జాబితాలో చివరి పని కింద అతను రెండు గీతలు గీశాడు. కారణం తర్వాత తెలుస్తుంది.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. అక్క ముందుగదిలో పసిపిల్లల సంరక్షణ కేంద్రం పెడుతోంది. పదకొండేళ్లు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసి, తమ్ముణ్ణి చదివించి, నెల కిందట ఆ ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేసింది. ఫ్యాక్టరీలో ముగ్గురు తల్లులు తమ బిడ్డలను ఆమెకు అప్పగించడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. లోపల చాపలు, తొట్టెలు, బొమ్మలు అన్నీ సిద్ధం. కాని తనిఖీ నోటీసులో మూడో వరుస ఇలా ఉంది: "ఇంటి వెలుపలి భాగము శుభ్రముగాను, పిల్లలకు హాని కలిగించనిదిగాను ఉండవలెను." ఇవాళ తప్పితే మళ్ళీ తనిఖీ ఏడాదికే. ఏడాది పాటు ఉద్యోగమూ ఉండదు, కేంద్రమూ ఉండదు.

తన చదువు అక్కకు ఒక్క పూటైనా అక్కరకు రావాలని డిగ్రీ పట్టుపట్టాడు. నాలుగు రోజులు కూర్చుని గోడలు, రాళ్లు, చెక్క ఎలా కడగాలో దొరికినదల్లా చదివాడు. గడులు గీసి పెద్ద పట్టిక తయారుచేసి తలుపు పక్కన అంటించాడు.

"ఏంట్రా ఇది, బడి టైమ్‌టేబులా?" అంది అమ్మ.

"ఏ పనికి ఏ పద్ధతో రాశానమ్మా. గోడకి మెత్తటి బ్రష్షు, సబ్బునీళ్లు. రాయికి గట్టి బ్రష్షు. చెక్కకి పిండిన తడిగుడ్డ. యాసిడ్ ఎక్కడా వాడకూడదు."

"ముప్పయ్యేళ్లు ఆస్పత్రి మెట్లు కడిగినదాన్ని. నాకు చెప్తున్నావూ?"

"అందుకేగా మెట్లు నీకు వేశాను! చూడు, మూడో గడిలో 'అమ్మ' అని రాసుంది."

"నాకు చదువొస్తే కదరా చూడ్డానికి," అని అమ్మ బక్కెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

పట్టికలో అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో ఒక సూత్రం ఉంది. గోడ మొత్తం మీద చెయ్యి వేసేముందు, ఎవరికీ కనబడని చోట అరచేతి వెడల్పున కడగాలి. గంటసేపు ఆరనివ్వాలి. రంగు ఊడకపోతేనే మిగతాది మొదలుపెట్టాలి. డిగ్రీ అన్నిటికంటే పెద్ద పూలకుండీ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, మెత్తటి బ్రష్షు ఇంట్లో ఒక్కటే ఉంది కాబట్టి బావ గడ్డం గీసుకునే బ్రష్షుతోనే, అరచేతి వెడల్పు గోడను పసిబిడ్డ బుగ్గ తుడిచినట్టు తుడిచాడు. పాకుడు వెన్నలా జారిపోయింది. కింద లేతపసుపు రంగు పెళ్లికూతురులా బయటికొచ్చింది. అతని ప్రాణం లేచొచ్చింది. గడియారంలో ఆరుంబావు చూసుకుని, గంటలో ఆరుతుంది కదా అని, పెద్ద బ్రష్షు కొనుక్కురావడానికి బజారుకు వెళ్లాడు.

బజారులో కొట్లు ఎనిమిదింటికి గాని తెరవరన్నది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

అతను మూసిన తలుపుల ముందు నిలబడి ఉండగా, ఇంటి దగ్గర అమ్మ, అతను చదివి వినిపించిన జాబితా ప్రకారమే పూలకుండీలు పక్కకు జరిపింది. అక్క కాఫీ గ్లాసుతో బయటికొచ్చి గోడ వైపు చూసి కెవ్వుమంది.

"అమ్మా! గోడకి ఆ మచ్చేంటే? రాత్రి లేదు కదా!"

అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నింపాదిగా చూసింది. "మచ్చ కాదే అది. అదే గోడ. మిగతాదంతా మచ్చే."

నిజమే. నిన్నటిదాకా ఆ గోడ ఏదో పాతగోడ. ఇప్పుడు ఆ అరచేతి పక్కన మిగతా గోడంతా బొగ్గుల కొట్టులా కనబడుతోంది. అక్క లోపలికి పరిగెత్తింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, ఫోన్ పట్టిక కింద బల్ల మీదే మోగింది. ఇక ఆమెకు దిక్కు ఒక్కడే కనబడ్డాడు. వెళ్లి మొగుణ్ణి లేపింది.

బావ లారీలు కడిగే షెడ్డులో పనిచేస్తాడు. మంచివాడు. అడిగిన సాయం కాదనడు, అడగని సాయం అసలే ఆపడు. లోకంలో ఆయనకు వస్తువులు రెండే రకాలు: కడిగిన లారీ, కడగని లారీ. గోడ చూశాడు, లుంగీ ఎగ్గట్టాడు, షెడ్డుకెళ్లి అరగంటలో నీళ్లు చిమ్మే యంత్రాన్ని ఆటోలో వేసుకొచ్చాడు.

"తమ్ముడు మెత్తగా కడగాలన్నాడండీ," అంది అక్క.

"పదహారు చక్రాల బండికి లేని సుకుమారం గోడకెందుకే! పక్కకి జరుగు," అని బావ మీట నొక్కాడు.

డిగ్రీ ఎనిమిదింబావుకు సరికొత్త బ్రష్షుతో వీధి మలుపు తిరిగేసరికి విమానం దిగుతున్న చప్పుడు వినబడింది. పరిగెత్తుకొచ్చాడు. లేతపసుపు రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలమీద పడి ఉంది. దాని కింద ముదురుపచ్చ రంగు. ఆ పచ్చ మీద ఒక పొడుగాటి తోక.

"బావా! ఆపు బావా!"

"ఏంటీ? వినబళ్లా! ఇంకా గట్టిగా పెట్టమంటావా?"

బావ ఇంకా గట్టిగా పెట్టాడు. తోక వెనక ఒక పొట్ట, పొట్టకు నాలుగు కాళ్లు బయటపడ్డాయి. నాలుగూ ఆకాశం వైపే. చివరికి అమ్మ వెళ్లి యంత్రం తీగ పీకేసింది. ఆ నిశ్శబ్దంలో నలుగురూ నిలబడి గోడ చూశారు. అమ్మకు డిగ్రీ చదివి వినిపించాడు.

"ఎలుకల మందు. ఇచ్చట నమ్మకముగా దొరకును. ఒక్క ముద్ద చాలు!"

వాళ్లు ఈ ఇంట్లోకి రాకముందు ఎవరో ఇక్కడ కొట్టు నడిపారన్నమాట. అక్షరాలు మూరెడేసి ఉన్నాయి.

"పసిపిల్లల కేంద్రం బయట 'ఒక్క ముద్ద చాలు' అని..." అంటూ అక్క మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే డిగ్రీకి కాస్త తేలిగ్గా ఉండేది.

"ఏం పర్లేదక్కా. మెత్తగా రుద్దితే పోతుంది," అని సబ్బునీళ్లు, కొత్త బ్రష్షు పట్టాడు. పద్ధతి ప్రకారం కింది నుంచి పైకి తడిపాడు, పై నుంచి కిందికి రుద్దాడు. అది నూనెరంగు. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు నూనెరంగుకు పరమౌషధమని అతని పట్టికలోనే ఉంది. అరగంట రుద్దేసరికి అక్షరాలు నిన్న రాసినట్టు మెరిశాయి. ఎలుక మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

"పనితనం చూడరా, ఎంత బాగా రాశాడో!" అన్నాడు బావ నిజాయితీగా. "అది సరే గాని, నా గడ్డం బ్రష్షు పచ్చగా ఉందేంటి?"

డిగ్రీ వినబడనట్టు రుద్దుతున్నాడు.

ఆ వీధి వెనకాలే ధాన్యం గోదాములున్నాయి. కాబట్టి ఆ వీధిలో ఎలుకలు లేని ఇల్లు లేదు. మెరిసే అక్షరాలు మొదట ఎదురింటి కుట్టుపని పిన్ని కంటబడ్డాయి. రెండేళ్ల మనవణ్ణి చంకనేసుకుని వచ్చేసింది.

"ఇంతమంచి వ్యాపారం పెడుతూ మాటమాత్రం చెప్పలేదేమే? నిన్న రాత్రి పట్టుజాకెట్టు కొరికేశాయి. రెండు పొట్లాలివ్వు."

"మందు లేదు పిన్నీ. అది పాత రాత."

"పాతదేంటి, ఇంకా తడి ఆరలేదు!"

వెనకే కారు నడపడం నేర్పే మాస్టారు తన కవలపిల్లలతో వచ్చాడు. ఎలుకలు ఆయన కారు వైర్లు తినేశాయట. ఆయన వెనక ఇంకెవరో ఆవిడ, ఆవిడ చేతిలో ఏడాది బిడ్డ. లేదంటే నమ్మేవాళ్లు లేరు. "తెలిసినవాళ్లకి దాచిపెడుతున్నారు" అని గొణిగినవాళ్లున్నారు. వాదన పెరిగే కొద్దీ పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అక్కకు పిల్లల ఏడుపు వింటూ కూర్చునే ఓపిక లేదు. లేచి, ఒక్కొక్కరినీ లోపలికి తీసుకెళ్లింది. రెండు నిమిషాల్లో ఏడుపు ఆగింది. నాలుగు నిమిషాల్లో లోపలి నుంచి నవ్వులు వినబడ్డాయి. బయట పెద్దవాళ్ల అరుపులు మాత్రం ఆగలేదు.

బావ రంగంలోకి దిగి అందర్నీ వరసలో నిలబెట్టాడు. లారీలతో అలవాటైన పని. ఇవ్వడానికి ఏమీ లేకపోయినా వరస చక్కగా వచ్చింది.

పదకొండుకు ఇరవై నిమిషాలుండగా, చంకలో ఫైలుతో ఒకావిడ వచ్చి మెట్ల వైపు నడవబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, వరసలో రండి. పొద్దున్నించి నిలబడ్డాం. మాకే ఇంకా ఇవ్వలేదు."

ఆవిడ గోడ చదివింది. వరస చూసింది. చివరికెళ్లి నిలబడింది. పది నిమిషాల తర్వాత ఆవిడ చేతిలోని ఫైలు మీద ముద్ర చూసి డిగ్రీకి ముచ్చెమటలు పోశాయి.

"మేడమ్! మీరు... మీరు ముందుకు రండి మేడమ్!"

"ఫర్లేదు. ఇక్కణ్ణుంచి బాగా కనబడుతోంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. అయినా ముందుకొచ్చింది. కిటికీలోంచి లోపలికి చూసింది. అక్క చాప మీద కూర్చుని ఉంది. ఏడాది బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోతోంది. కవలలు ఒకే బొమ్మ కోసం పోట్లాడబోయి, ఆమె ఏదో అనగానే వంతులేసుకున్నారు.

"వీళ్లెవరు? అనుమతి రాకుండానే మొదలుపెట్టేశారా?"

అక్క ఒళ్లో బిడ్డను సర్దుకుంది. ఆమెకు అబద్ధం చెప్పడం ఎవరూ నేర్పలేదు. "లేదండీ. వీళ్లు ఎలుకల మందుకొచ్చినవాళ్ల పిల్లలండీ."

డిగ్రీ కళ్లు మూసుకున్నాడు. ఏడాది అయిపోయింది అనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కుట్టుపని పిన్ని వైపు తిరిగింది. "మీ మనవణ్ణి ఈవిడకెందుకిచ్చారు?"

"నేనెక్కడిచ్చానండీ? వాడే వెళ్లాడు. మా ఇంట్లో ఎవరెత్తుకున్నా గుక్కపెట్టే వెధవ, ఇప్పుడు పిలిచినా రావట్లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ ఏదో రాసుకుంది. తర్వాత చెప్పు విడిచి మెట్టు మీద పాదం ఆన్చి, ముందుకీ వెనక్కీ రాసి చూసింది. వంగి వాసన చూసింది. "యాసిడ్ పోశారా?"

"యాసిడ్ రాయిని తింటుందమ్మా," అంది అమ్మ. "పాకే బిడ్డ మోకాళ్లనీ తింటుంది. గట్టి బ్రష్షు, సబ్బు, మోచెయ్యి. అంతే నే వాడింది."

ఆ తర్వాత గోడ. ఇన్‌స్పెక్టరమ్మ పచ్చరంగు మీద అరచెయ్యి ఆన్చింది. వేలి కణుపుతో నాలుగుచోట్ల తట్టింది. డిగ్రీ ఉండబట్టలేకపోయాడు.

"తప్పు నాదే మేడమ్. పద్ధతి రాసింది నేను. గోడ విషయంలో ఒక్కటీ దాని ప్రకారం జరగలేదు. మా అక్కకి దీంతో సంబంధం లేదు. ఇంకో వారం గడువిస్తే..."

"ఈ నెల్లో తొమ్మిది ఇళ్లు చూశాను బాబూ. తొమ్మిదింటికీ నిన్న వేసిన రంగే. కింద చెమ్ముందో బూజుందో ఏ గోడా చెప్పలేదు. మీ గోడ ఒక్కటే బట్టలు విప్పి నిలబడి, చూసుకోమ్మా అంటోంది." మళ్ళీ తట్టింది. "చెమ్మ లేదు. గట్టిగా ఉంది. ఆ ముద్ద సంగతి మాత్రం ఇవాళే చెరిపించండి. అది చెరిపేశాక సోమవారం నుంచి పిల్లల్ని తీసుకోవచ్చు."

అక్క నిద్రపోతున్న బిడ్డను లేపకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు మాత్రం ఏడ్చింది. బావ యంత్రం ఆన్ చెయ్యబోతే అమ్మ చేతిమీద ఒక్కటి వేసింది. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్తూ వెళ్తూ తలుపు పక్కన పట్టిక ముందు ఆగి, మొదటి గడి నుంచి చివరి గడిదాకా వేలు పెట్టి చదివింది.

"దీనికి ఇంకో కాపీ ఉందా? మా ఆఫీసు గోడకి అంటిస్తాను. వచ్చినవాళ్లందరూ ఇదే అడుగుతారు."

డిగ్రీ కాపీ రాయడానికి కూర్చున్నాడు. నాలుగు రోజుల పని కాబట్టి అక్షరం అక్షరం అతనికి నోటికొచ్చు. అయినా మెట్ల గడి దగ్గర ఆగి, "అమ్మా, మోచెయ్యి ఎంతసేపు వాడాలి?" అని అడిగి మరీ రాశాడు.

ఆ సాయంత్రమే షెడ్డులో మిగిలిన లారీ రంగుతో ఎలుక, ముద్ద, నమ్మకము మూడూ మాయమయ్యాయి. ఇప్పుడు అక్క దగ్గర ఏడుగురు పిల్లలున్నారు. కుట్టుపని పిన్ని మనవడు తొమ్మిదింటికి అందరికంటే ముందొస్తాడు. గోడ పైభాగం కడగడానికి డిగ్రీ ప్రతి ఆదివారం నిచ్చెనేసుకుంటాడు. కిందిభాగం పిల్లలు చూసుకుంటున్నారు. తలా ఒక మెత్తటి బ్రష్షు, తలా ఒక చెంబు నీళ్లు. అంతకంటే మంచి ఆట వాళ్లకు ఎవరూ చూపించలేదు.

మీకు తెలిసినవాళ్లెవరైనా బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి పనికెళ్లాలా అని దిగులుపడుతుంటే, ఈ అక్కను గుర్తుపెట్టుకుని ఒక మాట చెప్పండి. పంపేటప్పుడు ఇంకో జత బట్టలు కూడా ఇచ్చి పంపమనండి. గోడ కడగడం ఇంకా అవలేదు.